దత్తతకు అప్లై చేశాం, వచ్చే వారం హోమ్ స్టడీ. ముందే ఏం తెలుసుకోవాలి?

ఎదురుచూపు:

అందరికీ నమస్తే. చాలా నెలలుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం ఇదే మొదటిసారి. నాకు 37, మా ఆయనకు 41. పెళ్లయి పదకొండేళ్లు. ట్రీట్‌మెంట్లన్నీ అయ్యాయి. ఇక చాలనుకుని దత్తతకు అప్లై చేశాం. వచ్చే వారం సోషల్ వర్కర్ హోమ్ స్టడీకి, అంటే మమ్మల్నీ ఇంటినీ చూసి మాట్లాడటానికి, ఇంటికి వస్తున్నారు. రెండు రోజులుగా ఇల్లు కడుగుతూనే ఉన్నా. అల్మరాలు కూడా సర్దేశా. "ఆవిడ వచ్చి మన అల్మరా తెరుస్తుందా?" అని మా ఆయన ఒకటే నవ్వు.

నేనడిగేది రూల్స్ గురించి కాదు. ఫారాలు, సర్టిఫికెట్లు ఎక్కడికక్కడ వేరు, మావి మేం చూసుకున్నాం. బిడ్డ ఇంటికొచ్చాక ఏం జరుగుతుంది? "ఇది ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది" అని మీకనిపించినవి ఏంటి? తీపి మాటలొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి.

రెండో గది:

ఉన్నదున్నట్టు అన్నారు కాబట్టి చెబుతున్నా. మావాడు నాలుగేళ్లప్పుడు వచ్చాడు, ఇప్పుడు పదకొండు. మొదటి మూడు వారాలు బంగారం. చెప్పినమాట వినేవాడు, తిన్న కంచం తనే తీసేవాడు, ఏడుపన్నదే లేదు. "మీ అదృష్టం" అన్నారు అందరూ. మేమూ అలాగే అనుకున్నాం. అది భయమని తర్వాత తెలిసింది. ఇక్కడ తనను ఎన్నాళ్లుంచుతారో తెలియక చుట్టంలా మర్యాదగా ఉన్నాడు పాపం. నాలుగో వారంలో మొదలైంది. కొరకడం, చేతికందింది విసరడం, అర్ధరాత్రి లేచి మేమిద్దరం ఉన్నామో లేదో గది గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లడం.

ఒకరోజు దుప్పట్లు మారుస్తూ దిండు గలీబులో చెయ్యి పెడితే బిస్కెట్లు తగిలాయి. పద్నాలుగు. కొన్ని పొడైపోయాయి, కొన్నిటికి చీమలు పట్టాయి. ముందు కోపమొచ్చింది, అడిగితే ఇవ్వమా అని. తర్వాత కూర్చుని లెక్కేశా. రోజుకొకటి చొప్పున రెండు వారాలు. తిండి దొరకని రోజు కోసం దాచుకున్నాడు. మా కౌన్సెలర్ ఏమన్నారంటే, అవి తీసేయకండి, తిట్టకండి, మూతున్న డబ్బా ఒకటి ఇచ్చి మంచం పక్కన పెట్టుకోమనండి, అది ఖాళీ కాకుండా మీరు చూసుకోండి అని. ఎనిమిది నెలలు నింపాను. ఒకరోజు మూత తీస్తే లోపల క్రేయాన్స్ ఉన్నాయి.

నత్తనడక:

అక్కా, ఆ క్రేయాన్స్ దగ్గర ఆగిపోయాను.

మా అనుభవం వేరు. పాప తొమ్మిది నెలలప్పుడు వచ్చింది. పసిగుడ్డుగా తెచ్చుకుంటే ఏ గొడవా ఉండదని అందరూ చెప్పారు, మేమూ నమ్మాం. వచ్చిన కొత్తలో ఆ పిల్ల అసలు ఏడ్చేది కాదు. ఆకలేసినా, పక్క తడిసినా కళ్లు తెరిచి పైకి చూస్తూ పడుకునేది. మా అమ్మ మురిసిపోయింది, ఎంత బుద్ధిమంతురాలో అని. నాకు మాత్రం గుండె జారిపోయింది. ఏడిస్తే ఎవరూ రారని అర్థమైన పిల్ల ఏడవడం మానేస్తుంది. మేం ఎత్తుకుంటే ఒళ్లు బిగబట్టేది, తల అటు తిప్పేసుకునేది. రెండు నెలలకు ఒకరోజు నేను బాత్రూంలో ఉంటే బయట గుక్కపట్టి ఏడ్చింది. నా కోసం! సబ్బు నురగతోనే బయటికి పరిగెత్తా.

అప్పట్లో మేం పెట్టుకున్న రూలు ఒక్కటే. మొదటి మూడు నెలలు పాలు పట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మేమిద్దరమే. బంధువులు వచ్చి చూడొచ్చు, ఆడించొచ్చు, కానీ ఎత్తుకుని తిరగడం వద్దన్నాం. కొందరు అలిగారు. అలిగినవాళ్లు తర్వాత మామూలైపోతారు లెండి.

స్టెతస్కోప్:

నేను పిల్లల డాక్టర్‌ని. నత్తనడక గారి పాపలా ఆశ్రమాల్లో కొన్నాళ్లు గడిపిన పిల్లల గురించి చాలానే పరిశోధన జరిగింది. రుమేనియాలో 1989లో ప్రభుత్వం కూలాక అక్కడి అనాథాశ్రమాల పరిస్థితి బయటి ప్రపంచానికి తెలిసింది కదా. అక్కణ్నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన పిల్లలను అక్కడి పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్ బృందం పెద్దయ్యేదాకా గమనించింది. ఆరు నెలలలోపు వచ్చినవాళ్లు చాలావరకు మామూలు పిల్లల్లాగే ఎదిగారు. ఆరు నెలలు దాటాక వచ్చినవాళ్లలో కొందరికి దృష్టి నిలపడం, నలుగురితో మెలగడం లాంటి ఇబ్బందులు మిగిలిపోయాయి, కొందరికి ఏమీ లేవు. 2000లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లలతో ఇంకో అధ్యయనం మొదలైంది. ఆశ్రమం నుంచి కుటుంబాల్లోకి మార్చినప్పుడు, రెండేళ్లలోపు మారిన పిల్లలే ఎక్కువగా కోలుకున్నారు, ముఖ్యంగా మనుషులతో అనుబంధం ఏర్పరచుకునే విషయంలో.

ఇది చదివి పెద్దపిల్లలను వద్దనుకోకండి. రెండో గది గారి అబ్బాయి నాలుగేళ్లప్పుడు వచ్చినవాడే. నేను చెప్పేదల్లా పనిభారం ముందే తెలుసుకుని దిగండి అని.

ఇక ఆరోగ్యం సంగతి. ఫైల్లో "నార్మల్" అని రాసుంటే ఆగిపోకండి. బిడ్డ వచ్చిన మొదటి రెండు వారాల్లో మీ డాక్టర్‌కి చూపించి హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి, సిఫిలిస్, టీబీ, రక్తహీనత, కడుపులో పురుగులు, చూపు, వినికిడి అన్నీ మళ్లీ చూపించుకోండి. వీటిలో కొన్ని టెస్టులు కొన్ని నెలల తర్వాత ఇంకోసారి చేయించాలి, ఇన్ఫెక్షన్ కొత్తదైతే మొదటిసారి దొరక్కపోవచ్చు. ఆశ్రమాల్లో పెరిగిన పిల్లలు ఎత్తులో వెనకబడి ఉంటారు. మూడు నెలలు అక్కడ గడిపితే సుమారు ఒక నెల ఎదుగుదల పోయినట్టని మేం లెక్కేస్తాం. ఇంటికొచ్చాక చాలామంది గబగబా అందుకుంటారు, ఆ ఏడాది చెప్పుల ఖర్చు మీదే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. పసిబిడ్డకు హెచ్ఐవి యాంటీబాడీ (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసేది) పాజిటివ్ అని చూడగానే వెనక్కి తగ్గిన జంటలను చూశాను. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో ఏడాదిన్నర దాకా ఉండొచ్చు. అందుకని ఆ వయసులో ఆ టెస్టు చెప్పేది తల్లి సంగతే, బిడ్డ సంగతి తేలాలంటే వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ టెస్టు చేయాలి.

సూటిగా:

నేను కొంచెం అడ్డంగా అడుగుతా, ఏమనుకోవద్దు. ఇంత తతంగం ఎందుకు? మా ఆఫీసులో ఒకాయనకు తెలిసినవాళ్లు ఉన్నారు. పెంచలేని తల్లి, పెంచుకునే జంట, మధ్యలో డాక్టర్. ఆసుపత్రి నుంచి నేరుగా ఇంటికి. ఏళ్ల తరబడి క్యూలో నిలబడటం కన్నా అది నయం కదా?

పాత ఫైలు:

కాదు. ఎంతమాత్రం కాదు.

ఇరవై ఆరేళ్లు సోషల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. మీరు చెప్పినలాంటి కేసులో ఏడేళ్లు పెంచిన పిల్లను తిరిగి అప్పగించాల్సి వచ్చిన దంపతుల పక్కన కూర్చున్నాను. మధ్యలో ఉన్న మనిషి ఆ తల్లికి బిడ్డ చనిపోయిందని చెప్పాడు. ఆమెకు ఏడేళ్ల తర్వాత నిజం తెలిసింది. ఆ తల్లి, ఈ దంపతులు, ముగ్గురిలో తప్పు చేసినవాళ్లు లేరు, శిక్ష మాత్రం ముగ్గురికీ పడింది.

1993 హేగ్ ఒప్పందం పుట్టిందే ఇలాంటి వాటికి అడ్డుకట్ట వేయడానికి. అది దేశాల మధ్య జరిగే దత్తతలకు సంబంధించిందే గానీ అందులోని సూత్రాలు ఎక్కడైనా పనికొస్తాయి. తల్లి సమ్మతి బిడ్డ పుట్టాకే తీసుకోవాలి, కడుపుతో ఉండగా చేయించుకున్న సంతకం చెల్లదు. ఆ సమ్మతి డబ్బు ఆశ చూపి తీసుకున్నది కాకూడదు. ముందు బిడ్డ సొంత కుటుంబంలోనే పెరిగే వీలుందా చూడాలి, తర్వాత సొంత దేశంలో, ఆ తర్వాతే వేరే దేశం. 1989 బాలల హక్కుల ఒప్పందం కూడా దత్తతలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది బిడ్డ మేలే అంటుంది. పెంచుకునేవాళ్ల కోరిక రెండో మాట.

క్యూ గురించి ఒక సంగతి. ఆ క్యూ ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల కోసమే. పెద్దపిల్లలు, అన్నాచెల్లెళ్లు కలిసి ఉన్నవాళ్లు, వైద్యం అవసరమైనవాళ్లు మనకోసం క్యూలో ఉంటారు.

సూటిగా:

అర్థమైంది. ఆ ఏడేళ్ల పాప సంగతి నాకు తెలియదు. మా ఆఫీసాయనకు ఈ పోస్ట్ చూపిస్తా.

ఎదురుచూపు:

పాత ఫైలు గారూ, మీరు దొరికారు కాబట్టి అడుగుతున్నా. ఇంటికొచ్చే ఆవిడ ఏం చూస్తారు? నిజం చెప్పండి, అల్మరా తెరుస్తారా?

పాత ఫైలు:

నేనైతే తెరవలేదమ్మా. ఇల్లు మరీ అద్దంలా ఉంటే మాత్రం, పిల్లాడు నీళ్లు ఒలకబోస్తే వీళ్లేం చేస్తారో అనుకునేదాన్ని.

చూసేది మనుషులను. మీ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఒకరికే ఇష్టమై, రెండోవాళ్లు తల ఊపుతున్నారా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మీ చిన్నతనం అడుగుతారు. మీ నాన్నగారు కొట్టేవారా, మీరు అలిగితే ఎన్నాళ్లు మాట్లాడరు, గొడవైతే ముందు ఎవరు కలుపుకుంటారు, మీకేమైనా అయితే బిడ్డను ఎవరు చూస్తారు. కొన్ని ప్రశ్నలకు చిరాకొస్తుంది, రానివ్వండి. తప్పు జవాబంటూ పెద్దగా ఉండదు, పాఠం ఒప్పచెప్పినట్టు చెబితే మాత్రం అనుమానం వస్తుంది.

నేను ప్రతి ఇంట్లో అడిగిన ప్రశ్న ఒకటుంది. "మీకు పుట్టాలనుకున్న బిడ్డ కోసం మీరు ఏడ్చారా?" కొందరు నావంక వింతగా చూసేవారు. ఆ బిడ్డకు మనసులో ఒక రూపం ఉంటుంది. తండ్రి ముక్కు, నానమ్మ రంగు, చదువులో ఫస్టు. ఆ దుఃఖం తీరకుండా ఇంకో బిడ్డను తెచ్చుకుంటే, వచ్చిన పిల్లను రోజూ ఆ పుట్టని పిల్లతో పోలుస్తారు, తెలియకుండానే.

తెల్లారుజాము:

నా పోస్ట్ కొంచెం చీకటిగా ఉంటుంది, క్షమించండి. బాబు ఇంటికొచ్చిన రెండో వారం నుంచి నాకు వాణ్ని చూస్తే ఏమీ అనిపించేది కాదు. ఆరేళ్లు ఎదురుచూసిన బిడ్డ! స్నానం, పాలు, డైపర్ అన్నీ టైముకు చేసేదాన్ని, వేరే ఎవరి పిల్లాణ్నో చూసుకుంటున్నట్టు. రాత్రి వాడు పడుకున్నాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. ఎవరికి చెప్పను? "నువ్వే కదా కావాలన్నావు" అంటారు. పురుడు పోసుకున్న అమ్మకైతే డిప్రెషన్ వస్తుందని ఇప్పుడు అందరికీ తెలుసు. నాకు పురుడే లేదు కదా.

దత్తత తర్వాత కూడా డిప్రెషన్ వస్తుందని, తండ్రులకూ వస్తుందని ఒక డాక్టర్ చెప్పాక సగం బరువు దిగిపోయింది. ప్రేమ చూడగానే పుట్టాలని రూలేం లేదట, రోజూ చేసే పనుల్లోంచి పుడుతుందట. నాకు ఆరో నెలలో పుట్టింది. జ్వరంతో నా భుజం మీద పడుకుని చొంగ కారుస్తుంటే, వీణ్ని ఎవరికీ ఇవ్వను అనిపించింది. ముందే డాక్టర్‌ని చూసుంటే అన్ని నెలలు పట్టేది కాదేమో.

నత్తనడక:

తండ్రులకూ వస్తుంది. వచ్చింది. ఇంతకన్నా ఇక్కడ రాయలేను. ఆఫీసులో సెలవు మాత్రం వీలైనంత ఎక్కువ అడగండి, ఇద్దరూ.

పెంపుడు కూతురు:

ఇక్కడ అందరూ తల్లిదండ్రులే మాట్లాడుతున్నారు కాబట్టి అవతలి వైపు నుంచి ఒకరు రాయాలి. నాకు 34. మూడు నెలలప్పుడు దత్తత వచ్చాను. నాకు తెలిసింది పదహారో ఏట.

ఒక పెళ్లిలో. చేతులు కడుక్కుంటుంటే వెనక ఇద్దరు పెద్దావిడలు. "ఆ పిల్లేనా వాళ్లు పెంచుకున్నది? అచ్చం సొంతపిల్లలాగే ఉందే" అని ఒకావిడ అంది. మెచ్చుకోలుగానే అంది, పాపం. నేను కుళాయి కట్టేయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. చీర కొంగు తడిసిపోయింది. తర్వాత రెండేళ్లు నాకు గుర్తున్నది, అందరికీ తెలుసు, నాకు తప్ప. మా పిన్నికి తెలుసు, పక్కింటివాళ్లకు తెలుసు, మా క్లాస్ టీచర్‌కీ తెలుసు. అమ్మానాన్న నన్ను కనలేదన్న బాధ వారం రోజుల్లో పోయింది. పదహారేళ్లు నాతో అబద్ధమాడారన్నది పోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. "పెద్దయ్యాక చెబుదాం" అనుకున్నారు. ఆ పెద్దవడం ఎప్పటికీ రాదు. ఐదేళ్లకు చిన్నపిల్ల, పదేళ్లకు పరీక్షలు, పదమూడుకు వయసు మంచిది కాదు. కాబట్టి బిడ్డ ఇంటికొచ్చిన రోజే మొదలుపెట్టండి. మాట అర్థంకాని వయసైనా సరే, ఒళ్లో పెట్టుకుని చెప్పండి. మీకు నోరు తిరగడం అలవాటవుతుంది. "ఈ సంగతి నాకెప్పుడు తెలిసిందో గుర్తులేదు, మొదట్నుంచీ తెలుసు" అనగలిగిన పిల్లే అదృష్టవంతురాలు. దాచుదామనుకున్నా ఇప్పుడు కుదరదు, నలభై ఏళ్లవాళ్లు సరదాకి డీఎన్ఏ టెస్టు చేయించుకుని నిజం తెలుసుకుంటున్న రోజులివి.

రెండో గది:

చెల్లీ, ఒకటి అడగనా? కన్నతల్లి గురించి ఏం చెప్పాలి? మావాడు అడుగుతుంటాడు. "నన్నెందుకు వదిలేసింది" అని. "నిన్ను చాలా ప్రేమించింది కాబట్టే ఇచ్చేసింది" అని చెబుతూ వచ్చా.

పెంపుడు కూతురు:

అక్కా, ఆ మాట మార్చండి. ప్రేమిస్తే ఇచ్చేస్తారని వాడికి అర్థమైతే, మీరు ముద్దు పెట్టిన ప్రతిసారీ భయపడతాడు. తెలిసినంత చెప్పండి, తెలియనిది తెలియదనండి. "ఆ టైములో ఏ బిడ్డనూ పెంచగలిగే స్థితిలో ఆమె లేదు, నీలో లోపమేమీ లేదు" అంటే చాలు. ఆమెను దేవతను చేయొద్దు, దోషినీ చేయొద్దు. వాడి ఒంట్లో ఉన్నది ఆమె రక్తమే కదా, ఆమెను తిడితే వాడికీ తగులుతుంది.

పాత ఫైలు:

ఈ మాట మేం ట్రైనింగుల్లో గంటసేపు చెప్పేవాళ్లం, మీరు నాలుగు లైన్లలో చెప్పేశారు.

దానికి తోడు ఒకటి. బిడ్డను తీసుకొచ్చే రోజు సిగ్గుపడకుండా అడగండి. ఎక్కడ దొరికింది, ఏ టైములో, ఒంటి మీద ఏముంది, ఇన్నాళ్లూ చూసుకున్న ఆయా ఎవరు, ఏ పాటకు నిద్రపోతుంది, ఏమని పిలిస్తే పలుకుతుంది. ఆయాతో, ఆ మంచంతో, ఆ గేటుతో ఫోటోలు తీసుకోండి. కొన్నేళ్లకు ఆయాలు మారిపోతారు, ఫైళ్లు పోతాయి. అవన్నీ ఒక పుస్తకంలో అతికించి బిడ్డకు ఇవ్వాలి. కానీ ఆ కథను బంధువులకు పంచిపెట్టకండి. ఎవరైనా గుచ్చి అడిగితే "అది తన సంగతి, పెద్దయ్యాక తనే చెబుతుంది" అనండి.

సూటిగా:

మళ్లీ నేనే. పేరు మార్చొచ్చా?

రెండో గది:

మేం మార్చలేదు. నాలుగేళ్లవాడికి తనదంటూ ఉన్నది ఆ పేరొక్కటే.

నత్తనడక:

మేం మార్చాం, పాత పేరు మధ్యలో ఉంచాం. పాప ఇప్పుడు స్కూల్లో పాత పేరే చెప్పుకుంటోంది, మాకు నచ్చిన పేరు తనకొద్దట. ఏం చేస్తాం.

ఎదురుచూపు:

మా అత్తయ్య గారు ఈ పోస్టులన్నీ నాతోపాటు చదివారు. ఆవిడకు రెండు సందేహాలు. దత్తత తీసుకున్నాక సొంత పిల్లలు పుడతారంట కదా, నిజమేనా? ఇంకోటి, వచ్చిన చుట్టాలు "ఎంత పుణ్యం చేసుకుంటున్నారో" అంటే ఏమనాలి?

స్టెతస్కోప్:

మొదటిదానికి జవాబు: కొందరికి పుడతారు, తీసుకోని వాళ్లలోనూ కొందరికి పుడతారు. పుట్టినవాళ్ల కథలే మనకు చెబుతారు. ఆ ఆశతో దత్తత తీసుకుంటే ఆ బిడ్డను తాయత్తులా వాడుకున్నట్టే.

పెంపుడు కూతురు:

రెండోదానికి నేను చెబుతా. ఆ పుణ్యం మాట నా చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్నాను, అప్పటికి ఎందుకో తెలియదు. నిజం తెలిశాక అర్థమైంది, పుణ్యం అంటే నేను బాకీ ఉన్నట్టు. కోపం వస్తే కూడా రాకూడదేమో, థ్యాంక్స్ చెబుతూ బతకాలేమో అనిపించేది. మా అమ్మ ఆ తర్వాత ఒక జవాబు పట్టుకుంది. "పుణ్యం కాదండీ, మాకు పిల్ల కావాలి, తెచ్చుకున్నాం" అనేది. అత్తయ్య గారిని అదే అనమనండి.

ఎదురుచూపు:

నిన్న హోమ్ స్టడీ అయింది. రెండున్నర గంటలు. అల్మరా తెరవలేదు! ఆ ఏడ్చారా అన్న ప్రశ్న మాత్రం ఇంకోలా అడిగారు, నేను జవాబు చెప్పేలోపు మా ఆయన ఏడ్చేశారు. పదకొండేళ్లలో మొదటిసారి చూశాను. ఆవిడ ఏమీ అనలేదు, మంచినీళ్లు అడిగి తాగి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకుని ఫారంలో బిడ్డ వయసు కాలమ్ మార్చమని రాశాం. రెండేళ్లలోపు అని ఉండేది, ఐదు దాకా పెంచాం.

ఇక చిల్లర ప్రశ్న. గదికి రంగు వేయిద్దామని డబ్బాలు తెచ్చాం. కొత్త బట్టలు, కొత్త దుప్పట్లు. ఇంకేం కొనాలి?

నత్తనడక:

ఏమీ కొనకండి. మేం చేసిన తప్పు చెబుతా. పాపను తెచ్చిన రోజు ఒంటి మీద వెలిసిపోయిన పసుపు గౌను ఉంది, ఆశ్రమం వాసన. ఇంటికి రాగానే విప్పేసి మెషీన్‌లో వేశాం, పాపకు కొత్త గౌను తొడిగాం. రాత్రంతా పక్క మీద ముక్కుతో వెతుకుతూనే ఉంది. తనకు తెలిసింది ఆ వాసనొక్కటే, దాన్ని మేం సర్ఫ్ పెట్టి ఉతికేశాం. ఒంటి మీది బట్ట, కప్పిన దుప్పటి ఏది ఇచ్చినా కొన్నాళ్లు ఉతకొద్దు, పక్కలో పెట్టండి. అక్కడ ఏ సబ్బు వాడతారో కూడా అడగండి.

రెండో గది:

రంగు కూడా వద్దు. ఐదేళ్లవాళ్లు వస్తే వాళ్లనే షాపుకి తీసుకెళ్లండి. మావాడు నలుపు అన్నాడు. ఒక గోడకు వేయించాం.

ఎదురుచూపు:

డబ్బాలు రేపే వెనక్కి ఇచ్చేస్తున్నాం. మూతున్న డబ్బా ఒకటి మాత్రం కొన్నాను.